క్లియరెన్స్‌కు అడ్డొచ్చేది తప్పా, దాన్ని దాచడమా?

అమెరికా ప్రభుత్వ రహస్యాలతో పనిచేసే ఉద్యోగం చేయాలంటే, కాంట్రాక్టు కంపెనీలోనైనా సరే, సెక్యూరిటీ క్లియరెన్స్, అంటే రహస్యాలు చూసేందుకు ప్రభుత్వ అనుమతి, కావాలి. సిటిజన్‌షిప్ వచ్చాక మనవాళ్లూ ఇలాంటి ఉద్యోగాలకు దరఖాస్తు పెడుతున్నారు. పరిశీలనకు 13 ప్రమాణాలున్నాయి. ఐదోది వ్యక్తిగత ప్రవర్తన.

1947లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ప్రధానంగా ఉద్యోగుల విధేయతనే చూసింది. 1953లో ఐసెన్‌హోవర్ ఉత్తర్వుతో జీవితం మొత్తం లెక్కలోకి వచ్చింది. అనైతిక ప్రవర్తన, అతిగా తాగడం, ఆనాటి మాటల్లో 'లైంగిక వక్రత', అన్నీ అనర్హతలే. స్వలింగ సంపర్కులు వేల సంఖ్యలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1957లో తొలగించిన ఖగోళ శాస్త్రవేత్త ఫ్రాంక్ కామెనీ వారిలో ఒకరు. శత్రువులు బ్లాక్‌మెయిల్ చేస్తారన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కానీ బయటపడితే ఉద్యోగం తీసేస్తామని వాళ్లను దాక్కునేలా చేసింది ఆ ప్రభుత్వమే కదా! ఈ అన్యాయం తొలగడానికి 1995 దాకా పట్టింది. లైంగికత కారణంగా క్లియరెన్స్ నిరాకరించకూడదని ఆ ఏడాది క్లింటన్ ఉత్తర్వు ఇచ్చారు.

1954లో అణుబాంబు శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్‌ను విచారించిన ముగ్గురు సభ్యుల బోర్డు ఆయన దేశానికి విధేయుడేనని ఒప్పుకుంది. అయినా 2-1తో క్లియరెన్స్ వద్దంది. అణుశక్తి కమిషన్ 4-1తో ఆ మాటే ఖాయం చేస్తూ ఆయన స్వభావంలోనే లోపాలున్నాయంది. సోవియట్‌కు రహస్యాలు అందించే మాట తన దగ్గర ఎత్తిన మిత్రుడు షెవాలియే సంగతిలో 1943లో భద్రతాధికారులకు కట్టుకథ చెప్పానని ఆయనే విచారణలో ఒప్పుకున్నారు. హైడ్రోజన్ బాంబును వ్యతిరేకించినందుకు జరిగిన కక్షసాధింపు కూడా కమిషన్ నిర్ణయంలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. 2022 డిసెంబరులో ఇంధన శాఖ ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. అప్పటికి ఆయన పోయి 55 ఏళ్లు.

కాంట్రాక్టు ఉద్యోగులు ఆరోపణలు తెలుసుకుని జవాబిచ్చే పద్ధతి 1960లో వచ్చింది, అదీ సుప్రీంకోర్టు ముందు ఏడాది గ్రీన్ కేసులో తప్పుపట్టాకే. అయితే క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదని 1988లో ఈగన్ కేసులో అదే కోర్టు తేల్చింది.

2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో ఈ ఐదో ప్రమాణం ఎక్కువగా పట్టించుకునేది నిజాయితీని. పాత తప్పు చిన్నదై, చాలాకాలం గడిచి ఉంటే మన్నించే వీలుంది. క్లియరెన్స్ కోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అది అయిదేళ్ల దాకా జైలుశిక్ష పడగల నేరం. కన్సల్టెన్సీ చెప్పిందని రెజ్యూమెలో లేని అనుభవం చూపించినవాళ్లు ఇది మరీ గమనించాలి, ఎందుకంటే దర్యాప్తు అధికారులు పాత యజమానులనూ అడుగుతారు. ఫారంలో ఏదైనా వదిలేశామని గుర్తొస్తే అధికారులు ఆ విషయం ఎత్తకముందే చెప్పాలి. అలా వెంటనే దిద్దుకోవడాన్ని అనుకూలంగా పరిగణించాలని మార్గదర్శకాల్లోనే ఉంది.