డిసెంబరులో రాని మంచు

2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా గవర్నర్ జెర్రీ బ్రౌన్ సియెర్రా నెవాడా పర్వతాలలోని ఫిలిప్స్ స్టేషన్ అనే చోట ఉత్త గడ్డినేల మీద నిలబడి, పట్టణాలలో నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని ఆదేశించారు. సముద్రమట్టానికి సుమారు 2,070 మీటర్ల ఎత్తున ఉన్న ఆ మైదానంలో శీతాకాలం పొడవునా మంచు లోతును కొలుస్తారు. మామూలు సంవత్సరంలో ఏప్రిల్ మొదట్లో అక్కడ దాదాపు మనిషి ఎత్తున మంచు పేరుకుని ఉంటుంది. ఆ రోజు కొలవడానికి ఏమీ లేదు. డెబ్బై అయిదేళ్ల కొలతలలో అటువంటి ఏప్రిల్ అదే మొదటిది. పర్వతశ్రేణి మొత్తం మీద మంచు రూపంలో నిలిచి ఉన్న నీరు సగటులో 5 శాతమే. ఈ వార్తను లోకమంతా కరువు వార్తగానే చదివింది. అయితే అక్కడికి ఎంతో దూరం లేని టాహో సరస్సు ప్రాంతంలో కొన్ని స్కీ రిసార్టులు అప్పటికి రెండు వారాల ముందే జనాన్ని కొండ పైకి చేర్చే లిఫ్టులు ఆపేశాయి.

మంచు తక్కువగా పడితే స్కీయింగ్‌కు వచ్చేవారు తగ్గుతారన్నది విడమరచి చెప్పనక్కరలేని సంగతిలా కనిపిస్తుంది. లెక్కలను కొంచెం దగ్గరగా చూస్తే విషయం అంత సులభం కాదు. సీజన్ మొత్తానికి ఎంత మంచు పడిందన్న ఒక్క అంకె రిసార్టు భవితవ్యాన్ని చెప్పలేదు. అది ఏ వారంలో పడింది, ఏ ఉష్ణోగ్రతలో పడింది, పడ్డాక రాత్రులు ఎలా గడిచాయి అన్నవే జనాన్నీ, వసంతకాలపు స్కీయింగ్‌నూ నిర్ణయిస్తాయని నేను అనుకుంటాను.

2014–15 శీతాకాలాన్నే తీసుకుందాం. పసిఫిక్ మహాసముద్రం మీద తిష్ఠ వేసి తుపానులను ఉత్తరానికి మళ్లించిన అధిక పీడన ప్రాంతం ఆనాటి కరువుకు ముఖ్య కారణమే. అయినా ఆ సంవత్సరం మంచును మింగేసింది వర్షాభావం ఒక్కటే కాదు. కాలిఫోర్నియాలో అప్పటివరకు నమోదైన శీతాకాలాలలో అది అత్యంత వెచ్చనిది. వచ్చిన కొద్దిపాటి తుపానులు కూడా రిసార్టుల ఎత్తులో వానగా కురిశాయి. కొండ ఎక్కే కొద్దీ ప్రతి కిలోమీటరుకు గాలి సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ చల్లబడుతుంది కాబట్టి, తుపాను గాలి రెండు డిగ్రీలు వెచ్చబడితే మంచు పడే సరిహద్దు దాదాపు 300 మీటర్లు పైకి జరుగుతుంది. టాహో రిసార్టులలో చాలావాటి అడుగుభాగం 1,900 నుంచి 2,500 మీటర్ల మధ్య ఉంటుంది. అంటే ఆ రెండు డిగ్రీల తేడా రిసార్టు కింది సగాన్ని మంచు నుంచి వానలోకి నెట్టేయడానికి చాలు. వాన పడి ఊరుకోదు, అంతకుముందు పేరుకున్న మంచును కూడా కరిగించి పట్టుకుపోతుంది. అందుకే శాస్త్రజ్ఞులు తుపానులు రాకపోవడం వల్ల కలిగే మంచు కరువునూ, తుపానులు వచ్చినా చలి లేకపోవడం వల్ల కలిగే మంచు కరువునూ వేరువేరుగా చూస్తారు. ఎదుర్కోవడానికి ఎక్కువ కష్టమైనది రెండోదే.

ఇక జనం సంగతి. అమెరికాలో స్కీయింగ్ పరిశ్రమ హాజరును సందర్శనల లెక్కన చెబుతుంది: ఒక మనిషి ఒక రోజులో ఎంతసేపు స్కీయింగ్ చేసినా అది ఒక సందర్శన. దేశమంతటా మంచు బాగా పడిన 2010–11లో ఈ సంఖ్య సుమారు 6.05 కోట్లు ఉండగా, దేశంలో ఎక్కువ భాగం వెచ్చగా గడిచిన మరుసటి శీతాకాలంలో 5.1 కోట్లకు పడిపోయింది. ఒక్క ఏడాదిలో దాదాపు 16 శాతం తగ్గుదల ఇది. కానీ సియెర్రాలో గడ్డినేల బయటపడిన 2014–15లో దేశం మొత్తం సంఖ్య సుమారు 5.36 కోట్లు. అంతకుముందు ఏడాది కంటే అయిదు శాతం మాత్రమే తక్కువ. అదే శీతాకాలంలో తూర్పుతీరాన బోస్టన్ నగరంలో 110.6 అంగుళాల మంచు పడి రికార్డు నెలకొల్పడం గుర్తు చేసుకుంటే ఈ తేడా అర్థమవుతుంది. ఒక తీరం నష్టాన్ని మరో తీరం లాభం కప్పివేసింది. దేశ సగటును చూసి ఒక కొండ ఊరి కష్టాన్ని అంచనా వేయడం పొరపాటని నాకు అనిపించేది ఇటువంటి సందర్భాలలోనే.

రిసార్టు ఆదాయంలో పెద్ద ముక్క కొన్ని రోజులలోనే వస్తుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం వరకు గడిచే వారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ స్మారక దినం, ఫిబ్రవరిలో అధ్యక్షుల దినం చుట్టూ వచ్చే సెలవులు వారి పంటకాలం. అదను దాటాక కురిసిన వాన రైతుకు ఎంత ఉపయోగమో, జనవరి పదో తేదీన కురిసిన మంచు క్రిస్మస్ నష్టానికి అంతే ఉపయోగం. డిసెంబరులో మంచు లేకపోతే కొండ మీద రెండు మూడు దారులే తెరుచుకుంటాయి. వచ్చినవారంతా యంత్రాలతో పరిచిన ఆ సన్నని తెల్లటి పట్టీ మీదే కిక్కిరిసిపోతారు. స్కీయింగ్ బాగా తెలిసినవారికి అది విసుగు, కొత్తవారికి భయం.

కొత్తవారి విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ నష్టం ఏ ఒక్క సీజన్ లెక్కలోనూ పూర్తిగా కనిపించదు. నేర్చుకునేవారి కోసం కేటాయించే వాలులు చాలా రిసార్టులలో కొండ పాదం దగ్గరే ఉంటాయి. మంచు రేఖ పైకి జరిగినప్పుడు మొదట బోడిగా మారేవి అవే. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామందికి జీవితంలో మొదటి మంచు దర్శనం టాహోలోనే జరుగుతుంది. పిల్లలకు సెలవులిచ్చిన డిసెంబరు చివరి వారంలో ఫ్రీమాంట్ నుంచో సన్నీవేల్ నుంచో నాలుగైదు గంటలు కారు నడుపుకుంటూ వెళ్తారు. అటువంటి కుటుంబం ఆ ఏడాది వాన వల్ల ప్రయాణం మానుకుంటే ఒక సందర్శన తగ్గడంతో ఆగదు. ఎనిమిదేళ్ల వయసులో నేర్చుకోవలసిన పిల్ల ఆ ఏడాది నేర్చుకోదు, మరుసటి ఏడాది కుటుంబం సెలవులకు వేరే చోటు చూసుకుంటుంది.

స్కీయింగ్ వ్యాపారంలో ఉన్నవారు పెరటి ప్రభావం అని ఒక మాట వాడతారు. నగరంలో ఉన్న మనిషి తన పెరట్లో మంచు, కనీసం చలి కనిపించినప్పుడే కొండకు వెళ్లాలని తలుస్తాడు. పెరట్లో పూలు పూస్తుంటే, కొండ మీద రెండు మీటర్ల మంచు ఉందని చెప్పినా కదలడు. ఆ మనసును మార్చే యంత్రం లేదు.

మంచును తయారుచేసే యంత్రాలు ఉన్నాయి కదా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఆ యంత్రం నీటిని అతి సన్నని తుంపరలుగా గాలిలోకి చిమ్ముతుంది. ఒక తుంపర గడ్డకట్టాలంటే అందులోని గుప్తోష్ణం, అంటే గడ్డకట్టేటప్పుడు నీరు వదిలే వేడి, బయటికి పోవాలి. ఆ వేడిలో కొంత చల్లటి గాలిలోకి పోతే, మరికొంత తుంపరలో కొంతభాగం ఆవిరి కావడం వల్ల పోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవుతూ తీసుకుపోయే వేడి సుమారు ఏడు గ్రాముల నీటిని గడ్డకట్టించగలదు. మట్టికుండలో నీరు చల్లబడేది కూడా ఈ సూత్రం మీదే. వేసవి ఉక్కపోతలో కుండనీరు సరిగ్గా చల్లబడనట్టే, గాలిలో తేమ ఎక్కువైతే మంచు యంత్రం కూడా పనిచేయదు. అందుకే దాని నిర్వాహకులు థర్మామీటరు అంకెను కాక, తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రతను చూస్తారు. అది దాదాపు మైనస్ 2 డిగ్రీల కంటే దిగువకు రావాలి. ఒక ఎకరం వాలు మీద ఒక అడుగు మందాన మంచు పరచడానికి సుమారు ఆరు లక్షల లీటర్ల నీరు కావాలి. పొడిగా, చల్లగా ఉండే శీతాకాలంలో ఈ యంత్రం నిజంగా ఆదుకుంటుంది. వెచ్చగా, తేమగా గడిచే శీతాకాలంలో, అంటే దాని అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉన్నప్పుడే, అది చేతులెత్తేస్తుంది. దీన్ని సర్వరోగ నివారిణిగా చెప్పే ప్రచారాన్ని నేను ఒప్పుకోలేను.

వ్యాపారపరంగా రిసార్టులు కనుగొన్న రక్షణ సీజన్ పాసు. 2008లో వచ్చిన ఎపిక్ పాసు, పదేళ్ల తర్వాత వచ్చిన ఐకాన్ పాసు వంటివి చలికాలం మొదలవకముందే జనం చేత డబ్బు కట్టించుకుంటాయి కాబట్టి, మంచు పడకపోయినా కొంత ఆదాయం చేతిలో ఉంటుంది. కానీ పాసు ఉన్నవారు రాకపోతే భోజనశాలలు, శిక్షకులు, అద్దె సామగ్రి దుకాణాలు, కొండ కింది ఊళ్లలోని హోటళ్లు ఖాళీగానే ఉంటాయి. రక్షణ కంపెనీకి దొరికింది, ఊరికి దొరకలేదు.

వసంతకాలపు స్కీయింగ్ దీనికి భిన్నమైన లోకం. మార్చి, ఏప్రిల్ నెలలలో పగలు మంచు పైపొర కరుగుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. ఈ చక్రం కొన్ని రోజులు తిరిగితే చిన్న రేణువులు కరిగి మాయమై, వాటి నీరు పెద్ద రేణువుల మీద గడ్డకట్టి, చివరికి గింజల వంటి గుండ్రటి కణాలు మిగులుతాయి. స్కీయర్లు దీన్ని కార్న్ స్నో అంటారు. తెల్లవారుజామున రాయిలా ఉండే ఈ మంచు, ఎండ తగిలాక పైన రెండు మూడు సెంటీమీటర్లు మెత్తబడి, కిందంతా గట్టిగా ఉన్న గంటా రెండు గంటలలో అద్భుతంగా జారనిస్తుంది. తూర్పు వాలులు ముందు పదునెక్కుతాయి, తర్వాత దక్షిణపువి, మధ్యాహ్నానికి పడమటివి. అనుభవజ్ఞులు సూర్యుడి వెంట కొండ చుట్టూ తిరుగుతూ ఉంటారు.

ఈ సుఖమంతా రాత్రి మీద ఆధారపడింది. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రి మంచు పైపొర తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు ఎగువన ఉన్నా పైపొర గడ్డకట్టగలదు. ధనుర్మాసపు తెల్లవారుజామున మన వాకిట్లో గడ్డిపరకలు తడిసి కనిపించడం వెనక ఉన్నదీ ఈ వెదజల్లడమే. వెచ్చగా, మబ్బుగా గడిచే రాత్రులలో ఇది జరగదు, ఉదయానికి మంచు నీళ్లోడే ముద్దగా మిగులుతుంది.

పలుచటి మంచుకు మరో లోపం పుట్టుకతోనే వస్తుంది. నేలను తాకే మంచు పొర ఉష్ణోగ్రత సాధారణంగా సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైపొర మైనస్ 10 డిగ్రీలు ఉందనుకుంటే, రెండు మీటర్ల మందం మీద ఆ తేడా మీటరుకు 5 డిగ్రీలే. అరమీటరు మందం మీద మీటరుకు 20 డిగ్రీలు. మీటరుకు దాదాపు 10 డిగ్రీలు దాటితే నీటి ఆవిరి కింది నుంచి పైకి వేగంగా కదులుతూ రేణువులను కోణాలు తేలిన, ఒకదానికొకటి అతుక్కోని పలుకులుగా మారుస్తుంది. పిడికిట పడితే పంచదారలా జారిపోయే ఈ పొర మీద తర్వాత ఎంత మంచు పడినా పునాది బలహీనమే, వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగిపడే ప్రమాదం కూడా పెరుగుతుంది. జనవరి పలుచదనం ఏప్రిల్ వరకు వెంటాడుతుందనడానికి కారణం ఇది.

కరిగిపోయే వేగంలోనూ పలుచటి మంచుకు అన్యాయమే జరుగుతుంది. ఏప్రిల్‌లో బాగా ఎండ కాసిన రోజున రెండున్నర సెంటీమీటర్ల నీటికి సరిపడా మంచు కరిగిందనుకుంటే, మీటరు నీటిని దాచుకున్న మంచు నలభై రోజులు నిలవాలి, ముప్పై సెంటీమీటర్లు దాచుకున్నది పన్నెండు రోజులు నిలవాలి. నిజానికి రెండోది అంతకాలం కూడా నిలవదు. కొత్త మంచు తన మీద పడిన సూర్యకాంతిలో ఎనభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. అక్కడక్కడ బయటపడిన నేల, గ్రానైట్ బండలు అందులో చాలా భాగాన్ని పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని పక్కనున్న మంచు అంచులకు అందిస్తాయి. చిల్లులు పడ్డ దుప్పటి చిల్లుల చుట్టూ చిరిగినట్టు మంచు చిరిగిపోతుంది.

మార్చిలో ఆలస్యంగా పెద్ద తుపానులు వచ్చి ఆదుకున్న సందర్భాలు లేకపోలేదు. 1991లో కరువుతో ఎండిన సియెర్రా మీద అలా విరుచుకుపడిన నెలను కాలిఫోర్నియా వారు ఇప్పటికీ అద్భుత మార్చి అని తలచుకుంటారు. నదులకు ఆ మంచు వరమే. రిసార్టుకు మాత్రం అప్పటికే క్రిస్మస్ పోయింది, అధ్యక్షుల దినం పోయింది. కశ్మీరులో ఈ తేడాకు ఒక పాత లెక్కే ఉంది. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు నడిచే తీవ్రమైన చలికాలం చిల్లాయ్ కలాన్‌లో పడిన మంచు గట్టిపడి నిలుస్తుందనీ, ఆ తర్వాత పడింది త్వరగా కరిగిపోతుందనీ అక్కడివారికి తెలుసు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ వాలులు గోధుమరంగు గడ్డితో మిగిలాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 22న అక్కడ మొదలు కావలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక వాయిదా పడి మార్చి 9న జరిగాయి.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలిచేది 2022–23. ఏప్రిల్ మొదట్లో సియెర్రాలో నిలిచిన నీరు సగటుకు రెండింతలు దాటి 237 శాతానికి చేరింది, ఫిలిప్స్ స్టేషన్‌లో మంచు లోతు 126.5 అంగుళాలు తేలింది, దేశంలో సందర్శనలు 6.5 కోట్లు దాటి కొత్త రికార్డు అయ్యాయి. 3,369 మీటర్ల శిఖరం ఉన్న మామత్ పర్వతం మీద ఆగస్టు 6 వరకు లిఫ్టులు నడిచాయి. అయితే మంచు సమృద్ధిగా ఉన్న ఏళ్లలో కూడా చాలా రిసార్టులు ఏప్రిల్‌లోనే, వాలుల మీద ఇంకా మీటర్ల లోతు మంచు ఉండగానే మూతపడతాయి. కింద లోయలో చెట్లు చిగురించాక, సైకిళ్లు బయటికి తీశాక, టికెట్ కిటికీ దగ్గర వరుస కరిగిపోతుంది, లిఫ్టు నడిపే ఖర్చు కూడా రాదు. బాగా పడిన ఏడాది మంచు కంటే ముందే జనం అయిపోతారు. పడని ఏడాది జనం ఇంకా ఎదురుచూస్తుండగానే మంచు అయిపోతుంది.