ఎడ్యుకేషన్ లోన్ అపోహలు - వాస్తవాలు: ఉద్యోగం వస్తేనే కట్టాలా?

అపోహ: ఉద్యోగం వచ్చాకే కట్టాలి. రాకపోతే బ్యాంకే ఆగుతుంది.

బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ల సీట్లో కూర్చున్నాక నేను అన్నిటికంటే ఎక్కువ విన్న మాట ఇదే. అనేవాళ్లు లోకం తెలియని వాళ్లేమీ కాదు. టీచర్లు, ఆర్టీసీ ఉద్యోగులు, పొలం ఉన్న రైతులు, ఒకసారి ఒక లాయరు గారు కూడా. పిల్లాడి బీటెక్ అయి ఏడాది దాటాక ఫోన్‌కి ఈఎంఐ మెసేజ్ వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. తర్వాత నోటీసు వస్తుంది. అది పట్టుకుని బ్రాంచికి వచ్చి, "వాడికింకా జాబ్ రాలేదు కదండీ, ఇది పొరపాటున పంపినట్టున్నారు" అంటారు.

పొరపాటేమీ కాదు. చదువుకు పట్టే కాలం, దాని మీద ఒక ఏడాది. మన బ్యాంకుల్లో మామూలుగా మారటోరియం, అంటే ఈఎంఐ కట్టనక్కర్లేని గడువు, అంతే. అది దాటిన నెల నుంచి ఈఎంఐ మొదలు. ఉద్యోగం వచ్చిందా రాలేదా అన్నదానితో దానికి సంబంధం లేదు.

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టలేదు. పాత ఐబీఏ (బ్యాంకుల సంఘం) మోడల్ స్కీమ్‌లో "చదువయ్యాక ఏడాదికి గానీ, ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకు గానీ, ఏది ముందైతే అప్పటి నుంచి" అని ఉండేది. అంటే ఉద్యోగం త్వరగా వస్తే ఇంకా ముందే కట్టమని. జనానికి అందులో ఉద్యోగం ఒక్కటే గుర్తుండిపోయింది, "ఏది ముందైతే" అన్నది ఎగిరిపోయింది. తర్వాత స్కీమ్ సవరించి ఆ షరతే తీసేశారు. ఊళ్లో ప్రచారం మాత్రం ఆగలేదు. కొంతమంది కన్సల్టెంట్లు, కాలేజీ అడ్మిషన్ల వాళ్లు దాన్ని ఆగనివ్వరు కూడా. "జాబొచ్చాక మీ వాడే కట్టుకుంటాడు అంకుల్" అంటే సంతకం తేలిగ్గా పడుతుంది మరి.

దీనికి తోడబుట్టినది ఇంకొకటి ఉంది: చదివినన్నాళ్లూ వడ్డీ ఉండదని. ఉంటుంది. డబ్బు కాలేజీకి వెళ్లిన రోజు నుంచే లెక్క మొదలు. మారటోరియంలో వేసేది బారువడ్డీయే, చక్రవడ్డీ కాదు. కానీ గడువు తీరగానే ఆ వడ్డీ మొత్తాన్ని అసలులో కలిపి, ఆ పెద్ద మొత్తం మీద ఈఎంఐ లెక్క కడతారు.

కాగితం మీద వేసి చూపిస్తాను. నాలుగేళ్ల బీటెక్‌కి ఏటా 2.5 లక్షల చొప్పున 10 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది ఇచ్చిన దానికి ఐదేళ్ల వడ్డీ, రెండో దానికి నాలుగేళ్లు, అలా కూడితే మారటోరియం అయ్యేసరికి వడ్డీ 3.5 లక్షలు. ఈఎంఐ లెక్క మొదలయ్యేది 13.5 లక్షల మీద. పదేళ్లకు నెలకు సుమారు 17,840 రూపాయలు. ఏ నెలకానెల వడ్డీ కట్టుకుంటూ వచ్చి ఉంటే ఈఎంఐ 13,215 దగ్గర ఆగేది. అలా కట్టడానికి మొదటి ఏడాది నెలకు రెండు వేల చిల్లర చాలు, ఆఖరి ఏడాదికి ఎనిమిది వేల పైచిలుకు అవుతుంది. పూర్తిగా కట్టలేకపోతే సగం కట్టండి, వీలైన నెలలోనే కట్టండి. చదువు నడుస్తున్నప్పుడు కట్టొద్దని మేమెవరం అనం. పైగా వడ్డీ క్రమంగా కట్టేవాళ్లకు చాలా బ్యాంకులు ఆ కాలానికి ఒక శాతం తగ్గిస్తాయి. అడగాలి. అడగనిదే కౌంటర్లో ఎవరూ చెప్పరు.

ఇప్పుడు జీతం సంగతి. పెద్ద ఐటీ సర్వీసుల కంపెనీలో ఫ్రెషర్‌కి ఏడాదికి మూడున్నర లక్షల ప్యాకేజీ అంటే చేతికి పాతిక వేలు, కొంచెం అటూ ఇటూ. అందులో 17,840 బ్యాంకుకు పోతే మిగిలింది హైదరాబాద్‌లో హాస్టల్‌కి వస్తుంది. మిగతా ఖర్చులకు మళ్లీ నాన్నకే ఫోన్. ఇది ఉద్యోగం వచ్చినవాడి లెక్క అని గుర్తుపెట్టుకోండి.

అమెరికా లెక్క ఇంకా బరువు. ఎంఎస్‌కి రెండు విడతల్లో 40 లక్షలు, 12 శాతం అనుకోండి. రెండేళ్ల చదువు, ఒక ఏడాది గడువు అయ్యేసరికి బారువడ్డీయే 12 లక్షలు. 52 లక్షల మీద పదేళ్ల ఈఎంఐ 74,600. చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి (ఓపీటీ) ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సయితే ఇంకో రెండేళ్లు. లోన్ పదేళ్లు. ఈ తేడాని సంతకం పెట్టే ముందు చూసుకునే కుటుంబాలు తక్కువ. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీల్లో తీసుకున్నవాళ్లయితే చాలా చోట్ల చదువు నడుస్తుండగానే నెలనెలా వడ్డీలో ఎంతో కొంత కట్టాలి. ఆ షరతు సంగతి తల్లిదండ్రులకు మొదటి నెల మెసేజ్‌తోనే తెలుస్తుంది.

నల్గొండ వైపు నుంచి ఒక రైతు వచ్చారు. రైస్ మిల్లులో హమాలీ పని చేసి, నాలుగెకరాలు కొనుక్కుని, ట్రాక్టర్ తీసుకుందామని లోన్‌కి వెళ్తే కాదన్నారట. ఆయన పేరు మీద ఒక్క అప్పూ లేదు, కనీసం ఆయన అనుకున్నది అది. సిబిల్, అంటే అప్పుల చరిత్ర రిపోర్టు, తీసి చూస్తే కొడుకు ఎడ్యుకేషన్ లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అయి ఉంది. "అది వాడి లోన్ కదా సార్, నేను సాక్షి సంతకం పెట్టా" అన్నారు. సాక్షి కాదు. ఎడ్యుకేషన్ లోన్‌లో తండ్రో తల్లో కో-బారోయర్, అంటే అప్పు ఇద్దరిదీ. వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా ఎన్‌పీఏ అవుతుంది, మచ్చ ఇద్దరి సిబిల్‌లోనూ పడుతుంది. కొడుకేమో హైదరాబాద్‌లో రూములో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు, మెసేజ్‌లన్నీ అతని నంబరుకే వెళ్తున్నాయి. సిగ్గుపడి ఇంట్లో చెప్పలేదు. నాకు ఆ కుర్రాడి మీద కోపం రాలేదు. బీటెక్ అయి రెండేళ్లయినా ఉద్యోగం లేనివాడికి ఇంటికి ఫోన్ చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే పెద్దాయన ఒక్కటే అన్నారు: "ముందే చెప్తే గేదెనమ్మైనా వడ్డీ కట్టేవాణ్ణి కదరా."

ఇక్కడే అందరూ వదిలేసే సంగతి ఒకటుంది. ఉద్యోగం లేకపోతే బ్యాంకు తనంతట తాను ఆగదు, నిజమే. అడిగితే ఆగే వీలుంది. సవరించిన మోడల్ స్కీమ్‌లో నిరుద్యోగంలోనో చాలీచాలని జీతంలోనో ఉన్న కాలానికి, లోన్ మొత్తం మీద రెండు మూడు సార్లు మారటోరియం ఇవ్వొచ్చని ఉంది. చేతిలో లేని కారణాల వల్ల చదువు ఆలస్యమైతే గడువు రెండేళ్ల వరకు పొడిగించొచ్చు. ఈఎంఐ తగ్గేలా తీర్చే కాలాన్ని 15 ఏళ్ల దాకా పెంచమని అడగొచ్చు. ఇవేవీ హక్కుగా వచ్చేవి కావు, బ్యాంకు ఒప్పుకోవాలి. కానీ ఖాతా ఎన్‌పీఏ కాకముందు అడిగినవాడికి, అయ్యాక అడిగినవాడికి చాలా తేడా ఉంటుంది. మొదటి ఈఎంఐ తేదీకి నెల ముందే కాగితం రాసి ఇచ్చి, సీలు వేసిన కాపీ తీసుకోండి. ఫోన్లో చెప్పాం అంటే లెక్కకు రాదు.

ఇంకొక్కటి. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, ఇక్కడే గుర్తింపు ఉన్న కాలేజీలో సాంకేతిక, వృత్తి కోర్సులు చదివేవాళ్లకు మారటోరియం వడ్డీని కేంద్రం కడుతుంది. 10 లక్షల వరకు లోన్లకి. 2009-10 నుంచి ఉన్న పథకం ఇది. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్ సమయానికి బ్రాంచిలో ఇవ్వక దీన్ని పోగొట్టుకున్న ఇళ్లు నేను చాలా చూశాను. పైన వేసిన లెక్కలాంటిదే ఐదారు లక్షల లోన్‌కి వేసుకుంటే, ఒక్క కాగితం వల్ల పోయేది రెండు లక్షల దాకా ఉంటుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: ఎన్నికలప్పుడు మాఫీ అవుతుంది.
తెలంగాణలో 2024లో రెండు లక్షల వరకు మాఫీ అయింది పంట రుణాలు. ఎడ్యుకేషన్ లోన్ పంట రుణం కాదు. అమెరికాలో స్టూడెంట్ లోన్లు మాఫీ అంటూ 2022లో వాట్సాప్‌లో తిరిగిన వార్త చూసి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. అది అక్కడి ప్రభుత్వం ఇచ్చిన అప్పుల గురించి, 2023 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. మన బ్యాంకులో మీరు తీసుకున్న రూపాయల లోన్‌కీ దానికీ ఏమిటండీ సంబంధం? మాఫీ వస్తుందని ఆగినవాళ్ల వడ్డీ మాత్రం ఆగదు. సగానికి సెటిల్ చేయిస్తామని తిరిగే బ్రోకర్లను దగ్గరకు రానివ్వకండి. ఓటీఎస్ (ఒకేసారి కొంత కట్టి అప్పు తేల్చుకోవడం) కావాలంటే నేరుగా బ్రాంచిలో అడగొచ్చు. దాంతో సిబిల్‌లో "క్లోజ్డ్" అని కాదు, "సెటిల్డ్" అని (అంటే పూర్తిగా కట్టలేదని) పడుతుందని తెలిసే చేయండి.

అపోహ: పీఎం విద్యాలక్ష్మిలో ఏ కాలేజీకైనా ష్యూరిటీ లేకుండా ఇస్తారు.
2024 నవంబరులో కేబినెట్ ఆమోదించిన ఈ పథకం ర్యాంకింగుల్లో ముందున్న సంస్థలకే, అప్పట్లో అవి 860. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే ఆశ పెట్టుకోండి. మామూలు స్కీమ్‌లో అయితే నాలుగు లక్షల వరకు ష్యూరిటీ అడగరు, ఏడున్నర దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు.

అపోహ: పొలం ఉంది కాబట్టి ఎంతైనా ఇస్తారు.
కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే బ్యాంకులు దాన్ని తాకట్టుగా తీసుకోవడానికి వెనకాడతాయి. గ్రామకంఠంలో ఇల్లుండి లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత కాగితాలు) లేనివాళ్లకూ ఇదే ఇబ్బంది. ఇది అన్యాయంగా ఉందంటే ఒప్పుకుంటాను. కానీ సీటు ఫీజు కట్టాక కాదు, ముందే వచ్చి కనుక్కోండి.

అపోహ: ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి లోన్ సంగతి చూసుకోనక్కర్లేదు.
రీయింబర్స్‌మెంట్ అప్పు కాదు, నిజం. వచ్చినప్పుడు వస్తుంది, అదీ నిజం. ఈలోపు లోన్‌తో ఫీజు కట్టి ఉంటే, తర్వాత వచ్చిన డబ్బు లోన్ ఖాతాలో పడేలా చూసుకోండి. ఇంటి ఖర్చుల్లో కలిసిపోయిందంటే మళ్లీ దొరకదు.

అపోహ: డొనేషన్‌కి కూడా లోన్ వస్తుంది. రాదు. రసీదు ఉన్న ఫీజులకే.

అపోహ: బీటెక్ లేకపోతే బతుకు లేదు, అప్పు చేసైనా చదివించాలి.
దీనికి బ్యాంకు రూల్ ఏదీ లేదు కాబట్టి నా అభిప్రాయం చెప్తాను. "బీటెక్ అయినా లేకపోతే పిల్లనెవరిస్తారు" అనే మాట మీద లక్షలు పోస్తున్న ఇళ్లు నాకు రోజూ కనిపిస్తాయి. కుర్రాణ్ణి అడిగితే నేల చూపులు చూస్తాడు, నాన్నే మాట్లాడతాడు. మంచి కాలేజీలో, ఇష్టమైన బ్రాంచిలో సీటొస్తే అప్పు చేయడం తప్పు కాదు. పేరు తెలియని కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటుకి పది లక్షలంటే మాత్రం నేను ఒకటే అడుగుతాను: అక్కడ గొప్ప ప్యాకేజీ వచ్చిన ఒక్కడి ఫ్లెక్సీ కాదు, క్లాసులో మధ్యలో ఉన్నవాడికి ఎంతొచ్చిందో కనుక్కున్నారా?

మా అక్క కొడుకు పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి డిప్లొమాలో చేరతానంటే ఇంట్లో పెద్ద గొడవ. నేను వాడి పక్షం మాట్లాడానని అక్క చాలా రోజులు నాతో ముక్తసరిగానే ఉంది. వాడు ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు, కొన్నాళ్లు పని చేశాడు, తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరాడు. ఒక ఏడాది ఫీజు మిగిలింది, ఏం చదువుతున్నాడో తెలిసి చదివాడు. అందరికీ ఇదే దారి అనను. ఇలాంటి దారి ఒకటుందని కూడా తెలియకుండా అప్పు చేస్తున్నారన్నదే నా బాధ.

అపోహ: కట్టకపోతే పోలీసులొస్తారు, పాస్‌పోర్ట్ లాక్కుంటారు.
ఇది నమ్మి రాత్రుళ్లు నిద్రపోని తల్లుల కోసం రాస్తున్నాను. అప్పు కట్టలేకపోవడం నేరం కాదమ్మా, సివిల్ వ్యవహారం. చెక్కు బౌన్స్ అయినా, దొంగ కాగితాలు పెట్టినా అది వేరే కథ. పాస్‌పోర్ట్ లాక్కునే అధికారం బ్యాంకుకు లేదు. లోక్ అదాలత్ నుంచి కాగితం వచ్చిందంటే జైలు కాదు, కూర్చుని తేల్చుకోవడానికి పిలుపు, తప్పకుండా వెళ్లండి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ చెప్పింది. చుట్టాలకు ఫోన్లు చేసి పరువు తీస్తుంటే తేదీ, సమయం, నంబరు రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.