ఎండకు ఆగిన గుండ్లు మంటకు ఆగుతాయా?

హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల్లో, దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుండ్ల మీద పెచ్చులుగా లేచిన రాతిపొరలు కనిపిస్తాయి. ఎండకే రాయి ఇలా పగిలిందని మనలో చాలామంది నమ్మకం. శాస్త్రవేత్తలు మాత్రం దీని మీద చాలాకాలం వాదించుకున్నారు.

హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గుండ్ల గుండ్రని రూపం చాలావరకు నేల లోపలే, బీటల వెంట దిగిన నీటివల్ల వచ్చింది. ఎండ పని ఆ తర్వాత మొదలైంది. గ్రానైట్‌లోని పలుగురాయి (క్వార్ట్జ్), ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు వేడికి ఒకేలా వ్యాకోచించవు, పలుగురాయి ఎక్కువ ఉబ్బుతుంది. పైగా రాతిలో వేడి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి పైన కాలుతున్నా లోపల చల్లగా ఉంటుంది. ఈ లాగులాటలో రేణువుల అంచుల్లో కంటికి కనబడని పగుళ్లు పడతాయి. చల్లారాక అవి పూర్తిగా మూసుకోవు.

1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చిన్న గ్రానైట్ ముక్కను 89,400 సార్లు వేడిచేసి చల్లార్చిన ప్రయోగాన్ని ప్రచురించాడు. రోజుకొక్కసారి చొప్పున లెక్కేస్తే అది 244 ఏళ్ల ఎండ. పొడిగాలిలో చల్లారిన రాయికి ఏమీ కాలేదు. నీటితో చల్లార్చినప్పుడు మాత్రం త్వరగానే పగుళ్లు వచ్చాయి. దీంతో ఎండ పాత్రను చాలామంది కొట్టిపారేశారు. అది తొందరపాటే. పెద్ద గుండులో పుట్టే ఒత్తిడి చిన్న ముక్కలో రాదు. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో కొండకు అంటీముట్టనట్టున్న ఒక రాతిపొరను ఏళ్ల తరబడి కొలిచి, 2016లో వివరాలు బయటపెట్టారు. ఆ పొర పగలు బయటికి వంగి, రాత్రి వెనక్కి వస్తోంది. రోజువారీ కదలిక సెంటీమీటరు దాకా ఉంది. వెనక్కి వచ్చినప్పుడల్లా పూర్తిగా రావడం లేదు, పగులు క్రమంగా వెడల్పవుతోంది.

మంట సంగతి వేరు. బండ మీద కట్టెలు కాల్చి పొర లేపే విద్య దక్షిణాదిలో పాతదే. గనుల్లో రాయిని నిప్పుతో పగలగొట్టే పద్ధతిని జర్మన్ పండితుడు అగ్రికోలా 1556లోనే అచ్చయిన తన పుస్తకంలో వివరించాడు. 573 డిగ్రీల దగ్గర పలుగురాయి స్ఫటికాల అమరిక మారి ఒక్కసారిగా ఉబ్బుతుంది. కట్టెల మంట ఆ వేడిని సులువుగా దాటుతుంది, మన మే నెల ఎండ దాని దరిదాపులకు కూడా రాదు. ఇంకో సంగతి, రాయి ఒకసారి చూసిన వేడినే మళ్లీ చూస్తే కొత్త పగుళ్లు తక్కువగా పడతాయి. అంతకు మించిన వేడి తగిలిందా, మళ్లీ మొదలవుతాయి. వేల ఏళ్ల ఎండకు అలవాటుపడ్డ గుండుకు కూడా మంట కొత్త దెబ్బే.

నగరంలోని శిలల్ని కాపాడాలని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. పేలుళ్ల గురించి, చదును చేసే యంత్రాల గురించి అప్పటి నుంచి చాలా చర్చ జరిగింది. గుండు నీడన చెత్త తగలబెట్టడం గురించి ఎవరికీ అంత టెన్షన్ లేదు. నాకైతే ఉంది. మసి కడిగితే పోతుంది, లోపల పడ్డ పగులు పోదు. వానాకాలం వస్తే అందులోకి నీరు దిగుతుంది. కనీసం రక్షిత శిలల దగ్గరైనా మంట పెట్టడాన్ని నిషేధించి, ఆ మాట అక్కడే బోర్డు మీద రాసిపెట్టాలి.