పిల్లల పాదంలో కోహ్లర్ వ్యాధి: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఎముకల డాక్టర్ దగ్గరికి ఎక్కువగా వచ్చేవి మోకాళ్లు, నడుములే. కోహ్లర్ వ్యాధి, అంటే పిల్లల పాదంలో ఒక చిన్న ఎముక కొన్నాళ్లు చచ్చుబడినట్టై నొప్పి పెట్టడం, అరుదు. వచ్చినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షనే. నాలుగైదేళ్ల పిల్లాడు పాదం బయటి అంచు మీద బరువు మోపి కుంటుతూ వస్తాడు. తల్లి వెంటనే అందుకుంటుంది: "పడనేదు, దెబ్బ తగల్నేదు. మా గుంటడికి ఏటయినాదో డాట్రుబాబూ!"

అపోహ: ఎక్స్‌రేలో ఎముక ముక్కలై కనిపిస్తోంది, ఇక కాలు పోయినట్టే.

వాస్తవం: చీలమండకు ముందు, పాదం లోపలి వంపు దగ్గర నావిక్యులర్ అనే చిన్న ఎముక ఉంటుంది. పాదం వెనకా మధ్యా ఉండే ఏడు ఎముకల్లో అన్నిటికన్నా ఆలస్యంగా గట్టిపడేది ఇదే. మగపిల్లల్లో ఇంకా ఆలస్యం, అందుకే వాళ్లలోనే ఎక్కువ చూస్తాం. పిల్లాడు పరుగులు పెట్టే వయసుకి చుట్టూ ఉన్నవి గట్టిపడిపోతాయి, మధ్యలో మెత్తగా ఉన్న ఇది నలుగుతుంది. దానికి కొన్నాళ్లు రక్తం సరిగా అందదని వైద్యుల అంచనా. ఫిల్మ్ మీద పలచటి బిళ్లలా, మరీ తెల్లగా కనిపించేది అందుకే. జర్మనీ ఎక్స్‌రే నిపుణుడు ఆల్బన్ కోహ్లర్ 1908లో దీన్ని వివరించాడు. చచ్చుబడినట్టున్న ఆ ఎముకకే మళ్లీ రక్తం అంది, నెలల్లోనో ఒకట్రెండేళ్లలోనో మామూలు ఆకారానికి వస్తుంది. పెద్దయ్యాక కుంటడం ఉండదు. ఫిల్మ్ పట్టుకుని ఆ రాత్రే విశాఖ బస్సెక్కాల్సిన పని లేదు.

అపోహ: ఆపరేషన్ తప్పదు.

వాస్తవం: అక్కర్లేదు.

అపోహ: బెణికిందేమో, నూనె రాసి గట్టిగా తోమి పసరు కట్టు కట్టిస్తే సరి.

వాస్తవం: ఇక్కడ పక్కకు జరిగిన ఎముకేమీ లేదు, సరిచేయడానికి. తోమితే నొప్పి పెరుగుతుంది, పసరుకి కొందరు పిల్లలకు చర్మం పొక్కుతుంది. నొప్పి బాగా ఉంటే మోకాలి కింద నుంచి, నడవడానికి వీలుగా పిండికట్టు వేస్తాం, 4 నుంచి 8 వారాలు. కట్టు లేకపోయినా ఎముక కోలుకుంటుంది కానీ నొప్పి నెలల తరబడి సాగుతుంది. అందుకే నేను కట్టు వైపే మొగ్గుతాను. నొప్పి కొద్దిగానే ఉంటే గెంతులు మాన్పించి, చెప్పులో మెత్తటి ఆనుడు పెడితే చాలు.

అపోహ: కాల్షియం లోపమే కారణం.

వాస్తవం: కాదు. చోడి అంబలి పట్టండి, ఒంటికి మంచిదే. కానీ అది దీనికి మందు కాదు. పైడితల్లి జాతరలో నడిపించినందుకు వచ్చిందని బాధపడేవాళ్లూ ఉన్నారు, అదీ నిజం కాదు.

అపోహ: ఎక్స్‌రేలో తేడా కనిపిస్తే జబ్బే.

వాస్తవం: నొప్పే లేని పిల్లల్లోనూ ఈ ఎముక ఎగుడుదిగుడుగా గట్టిపడుతుంది. అలాంటప్పుడు వైద్యం చేయం. నొక్కితే సరిగ్గా ఆ ఎముక మీదే నొప్పి ఉండాలి.

ఇదే ఎముక పెద్దవాళ్లలో చచ్చుబడితే అది వేరే జబ్బు, దానంతటది తగ్గిపోతుందని ఊరుకోకూడదు. పిల్లలకైనా జ్వరం, పాదం ఎర్రగా వేడెక్కి వాయడం, రాత్రి నొప్పితో లేచి ఏడవడం ఉంటే కోహ్లర్ అనుకుని ఆగకండి. ఎముకలో చీము పట్టిందేమో అదే రోజు చూపించాలి.