ముందు ఏది చూడాలి? నర్సింగ్ డయాగ్నసిస్‌ల ప్రాధాన్యంపై అపోహలు - వాస్తవాలు

నర్సింగ్ విద్యార్థులకు వార్డులో క్లినికల్ పాఠాలు చెప్పడం నా వృత్తి. కేర్ ప్లాన్‌లో, అంటే రోగికి చేయాల్సిన సేవల రాతప్రణాళికలో, ఆరు డయాగ్నసిస్‌లు (నర్సు గుర్తించిన సమస్యలు) తప్పు లేకుండా రాసుకొచ్చిన విద్యార్థిని సైతం, "వీటిలో ముందు ఏది చూస్తావు? ఎందుకు?" అని అడిగితే తడబడుతుంది. డయాగ్నసిస్‌ల పేర్లు పుస్తకంలో దొరుకుతాయి. వాటి వరస మాత్రం మంచం మీద ఉన్న మనిషిని బట్టి, ఆ పూటను బట్టి మారుతుంది. "దీన్ని అరగంట వదిలేస్తే ఏమవుతుంది?" అని ప్రతి సమస్య దగ్గరా అడగడం అలవాటైతే సగం పని అయినట్టే. ఆ ప్రశ్నకు అడ్డుపడే అపోహలు కొన్ని, సీనియర్ల రికార్డు పుస్తకాలతో పాటే జూనియర్ల చేతికి వస్తున్నాయి.

అపోహ: డాక్టరు రాసిన జబ్బు పేరే మన డయాగ్నసిస్. జబ్బు ఒకటే అయితే వరసా ఒకటే.

వాస్తవం: నర్సు గుర్తించే సమస్యలకు ఒక పద్ధతి ప్రకారం పేర్లు పెట్టాలన్న ప్రయత్నం 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన సమావేశంతో మొదలైంది. ఆ పేర్లను ఖరారు చేసే నాండా సంఘం 1982లో ఏర్పడింది. జబ్బు వల్ల ఈ మనిషికి ఏది కష్టమైంది, అందులో నర్సు చేయగలిగినది ఏమిటి అన్నదే ఆ పేర్లన్నింటి వెనక ఉన్న ఆలోచన.

ఒకే వార్డులో ఇద్దరికి న్యుమోనియా అనుకుందాం. ఒకరు డెబ్బై దాటిన పెద్దాయన. కఫం చిక్కగా ఉంది, దగ్గే ఓపిక లేదు, దిండు మీది నుంచి కిందికి జారిపోయి పడుకున్నారు. రెండోవారు పాతికేళ్ల యువకుడు. గట్టిగా దగ్గి కఫం బయటికి తీస్తున్నాడు. కానీ 103 డిగ్రీల జ్వరం, రెండు రోజులుగా సరిగా నీళ్లు తాగలేదు, నాలుక ఎండింది, మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దిగా వస్తోంది. ఇద్దరికీ ఒకే యాంటీబయోటిక్ ఎక్కుతూ ఉండవచ్చు. అయినా పెద్దాయనకు గాలిదారి శుభ్రంగా లేకపోవడం మొదటి సమస్య. తలవైపు మంచం ఎత్తాలి, సక్షన్ (కఫం లాగే యంత్రం) సిద్ధంగా ఉంచాలి. యువకుడికి ఒంట్లో నీరు తగ్గిపోవడం మొదటిది. సీనియర్ ఫైలులోని న్యుమోనియా కేర్ ప్లాన్‌ను ఎత్తి రాస్తే ఈ ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

అపోహ: ఏబీసీ కంఠతా వస్తే చాలు. ముందు గాలిదారి, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్తప్రసరణ.

వాస్తవం: ఏబీసీ మంచి ఆధారమే, నేనూ దానితోనే మొదలుపెట్టి చెబుతాను. కానీ అది ఆలోచనకు దారి చూపే క్రమం, ఆలోచన అక్కర్లేకుండా చేసే మంత్రం కాదు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడమే ముందన్న ఉద్దేశంతో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో ఈ క్రమాన్నే సీఏబీగా మార్చింది.

కాన్పు అయిన కాసేపటికి ప్యాడ్లు వరసగా తడిసిపోతున్న తల్లిని ఊహించండి. ఆమె "కళ్లు తిరుగుతున్నాయి సిస్టర్" అంటోంది. మాట్లాడుతోందంటే గాలిదారి తెరిచే ఉందని ఆ ఒక్క మాటతోనే తెలిసిపోయింది. అంటే ఏ అక్షరాన్ని దాటవేయలేదు, క్షణంలో పరీక్షించి ముందుకు వెళ్లాం. ఇక చేయి పొట్ట మీదికి వెళ్లాలి. గర్భాశయం గట్టిపడిందా, మెత్తగా ఉందా చూడాలి. మెత్తగా ఉంటే మర్దన చేస్తూనే సహాయం కోసం కేక వేయాలి.

విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి సీవోపీడీతో (ఊపిరితిత్తుల్లో గాలిదారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) బాధపడుతున్న రోగికి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90 ఉంది. రోజూ అంతే ఉంటుంది, హాయిగా కూర్చుని టీ తాగుతున్నారు. పక్క మంచం మీద ఇన్సులిన్ తీసుకుని టిఫిన్ తినని ఆవిడకు చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది, గ్లూకోమీటర్‌లో చక్కెర 48 చూపిస్తోంది. "శ్వాసే ముందు కదా మేడమ్" అంటూ విద్యార్థి మొదటి మంచం దగ్గరికి నడుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ముప్పున్న సీవోపీడీ రోగులకు 88 నుంచి 92 శాతమే లక్ష్యం. ఆయన తన మామూలు స్థితిలోనే ఉన్నారు. ఆవిడ మాత్రం నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. మింగగలిగే స్థితిలో ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. ఇక్కడ మనం పట్టించుకోవలసింది అవయవం పేరును కాదు, ఈ క్షణంలో జరుగుతున్న మార్పును.

అపోహ: ఇప్పటికే ఉన్న సమస్యలన్నీ ముందు, ముప్పు అని రాసినవన్నీ చివర.

వాస్తవం: అన్నింటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. అందుకే దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను.

వర్షాకాలంలో మన జిల్లా ఆసుపత్రులకు కట్లపాము కాటు కేసులు వస్తూనే ఉంటాయి. ఇంట్లో నేల మీద పడుకున్న మనిషిని రాత్రివేళ కాటేస్తుంది. కాటు చోట వాపు, నొప్పి ఉండీ లేనట్టుగా ఉంటాయి. కడుపులో నొప్పి అంటారు. అలాంటి రోగికి విద్యార్థి రాసే జాబితా దాదాపు ఇలా ఉంటుంది: మొదట ఆందోళన, తర్వాత కడుపునొప్పి, తర్వాత నిద్రలేమి, అన్నింటికీ అడుగున "శ్వాస విఫలమయ్యే ముప్పు". ఎందుకు అడుగున పెట్టావంటే, అది ఇంకా జరగలేదు కదా అంటుంది.

జరిగేదాకా ఆగితే మన చేతిలో ఏమీ మిగలదు. ఆ విషం నరాలకు, కండరాలకు మధ్య సంకేతాన్ని తెంచేస్తుంది. కనురెప్పలు వాలడంతో మొదలై మింగే కండరాలకు, మెడకు, చివరికి ఊపిరి తీసే కండరాలకు పాకుతుంది. కాబట్టి ముప్పు అని రాసిన ఆ పంక్తి జాబితాలో మొదటికి రావాలి. అది మొదటికి వస్తే నర్సు చేసే పనే మారిపోతుంది. "కళ్లు పూర్తిగా తెరవండి అన్నా" అని రెప్పలు చూస్తుంది. దిండు మీది నుంచి తల ఎత్తమంటుంది. గొంతు మారిందా, ఉమ్మి మింగగలుగుతున్నారా గమనిస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఆ ఒక్క ఊపిరిలోనే ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టమంటుంది. మొదటిసారి ఇరవై ఐదు దాకా వెళ్లిన మనిషి కాసేపటికి పద్నాలుగు దగ్గరే ఆగిపోతే, పల్స్ ఆక్సీమీటర్ ఇంకా 97 చూపిస్తున్నా సరే, డ్యూటీ డాక్టరుకు ఫోను వెళ్లాలి. శాచురేషన్ పడిపోవడం చివర్లో కనిపించే సంకేతం. అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), సక్షన్ ఆ మంచం పక్కనే ఉండాలి. నోటితో ఏమీ ఇవ్వకూడదు.

అలాగని ముప్పులన్నీ పైకి ఎక్కించమని కాదు. అదే రోగికి మంచం పుండ్లు పడే ముప్పూ ఉంది, ఈ రాత్రికి అది కిందనే ఉంటుంది. ఎంత త్వరగా ముంచుకొస్తుంది, వస్తే వెనక్కి తిప్పగలమా, వచ్చే సూచనలు ఈ మనిషిలో ఎన్ని ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలే ఏ ముప్పు స్థానాన్నైనా తేలుస్తాయి.

అపోహ: మాస్లో నిచ్చెన ప్రకారం శరీరం అవసరాలు తీరాకే మనసు సంగతి.

వాస్తవం: మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో ఆ క్రమాన్ని ప్రతిపాదించింది మనిషిని నడిపించే ప్రేరణలను వివరించడానికి. నర్సింగ్ దాన్ని తర్వాత అరువు తెచ్చుకుంది. చాలాసార్లు పనికొస్తుంది, కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

గంటలో ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లాల్సిన రోగి, "నాకు ఏం ఆపరేషన్ చేస్తున్నారమ్మా?" అని అడిగారనుకోండి. బీపీ, నాడి అన్నీ సరిగా ఉన్నాయి. ఇప్పుడు మొదటి సమస్య ఆయనకు విషయం తెలియకపోవడమే. సంతకం అయిపోయింది కదా అని తోసుకుంటూ తీసుకెళ్లకూడదు. డాక్టరును పిలిచి, ఆయనకు అర్థమయ్యేలా చెప్పించాలి.

ఇంకో మాట కూడా చెప్పాలి. పురుగుమందు తాగి వచ్చిన రోగికి గాలిదారి, శ్వాస ముందు. అందులో ఎవరికీ సందేహం లేదు. అవి కుదుటపడగానే మళ్లీ అలాంటి ప్రయత్నం చేసే ముప్పు రెండో స్థానానికి రావాలి. మనసుకు సంబంధించినది అనే పేరుతో విద్యార్థులు దాన్ని ఆరో స్థానంలోకి నెట్టేస్తారు. అది మనసుకు సంబంధించినదే, ప్రాణానికి సంబంధించినది కూడా. ఆ రోగి ఒంటరిగా ఉండకుండా చూడటం, తీర్పు చెప్పకుండా మాట్లాడటం, మానసిక వైద్యుల దగ్గరికి పంపే ఏర్పాటు అడగడం ఆ రోజు డ్యూటీలోనే జరగాలి.

అపోహ: ఎక్కువ బాధగా అరిచేవారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారు.

వాస్తవం: అరుస్తున్నవారి నొప్పి నిజమే, దానికి మందు అందాలి. కానీ అరవగలిగే ఊపిరి వారికి ఉంది. ఆపరేషన్ అయ్యాక ఏమీ అడగకుండా దుప్పటి అంచు లాగుతూ అటూ ఇటూ కదులుతున్న మనిషిని చూడండి. బీపీ 110/70 ఉంది, బాగానే ఉందనిపిస్తుంది. నాడి 118, శ్వాస 26, చేతులు చల్లగా తగులుతున్నాయి. లోపల రక్తం పోతూ ఉండవచ్చు. బీపీ పడిపోయేది ఆ తర్వాత.

ఆ శ్వాస సంఖ్యే చాలా చార్టుల్లో నిజంగా లెక్కపెట్టని సంఖ్య. వరసగా అన్ని మంచాలకూ 18, 20 అని రాసి ఉంటే నాకు కోపం వస్తుంది. నాడి చూస్తున్నట్టే మణికట్టు పట్టుకుని, ఆ చేతిని రోగి పొట్ట మీద ఆనించి, ఛాతీ లేచి పడటాన్ని నిండు నిమిషం లెక్కపెట్టండి. చూస్తున్నారని తెలిస్తే ఊపిరి తీరే మారిపోతుంది, అందుకే ఈ జాగ్రత్త. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి 2017లో సవరించిన న్యూస్ స్కోరులో (రోగి పరిస్థితి దిగజారుతోందని ముందే హెచ్చరించే పాయింట్ల పద్ధతి), శ్వాస 25 లేదా అంతకు మించితే ఆ ఒక్కదానికే మూడు పాయింట్లు పడతాయి. ఏ ఒక్క కొలతకైనా మూడు వస్తే రోగిని వెంటనే మళ్లీ పరీక్షించాలని ఆ పద్ధతి చెబుతుంది.

అపోహ: విదేశీ పరీక్షలకు చిట్కాలు చాలు.

వాస్తవం: అమెరికా లైసెన్సు కోసం మన నర్సులు రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష 2023 ఏప్రిల్‌లో మారింది. రోగి వివరాలు ఇచ్చి, అందులో ముఖ్యమైన సూచనలు ఏవి, వాటిని కలిపితే ఏం అర్థమవుతోంది, ముందు దేన్ని అనుమానించాలి, ఏం చేయాలి, చేశాక ఫలితం వచ్చిందా అని మెట్టుమెట్టుగా అడుగుతున్నారు. జవాబు పట్టేసే కిటుకులకన్నా వార్డులో రోజూ చేసే ఆలోచనే అక్కడా అక్కరకొస్తుంది.

అపోహ: ఒకసారి రాసిన వరస డిశ్చార్జి దాకా అదే.

వాస్తవం: సిజేరియన్ అయిన తల్లినే తీసుకోండి. మొదటి గంటల్లో రక్తస్రావం ముప్పు పైన ఉంటుంది. మర్నాటికి ఆమె పెద్ద కష్టం బిడ్డకు పాలు పట్టలేకపోవడం. అడిగితే తెలుస్తుంది, కుట్లు లాగుతున్నందువల్ల కూర్చోలేకపోతోందని. అప్పుడు నొప్పి పైకి వస్తుంది. పాలిచ్చే వేళకు ముందే నొప్పి మందు ఇచ్చి, పక్కకు తిరిగి పడుకుని పాలివ్వడం నేర్పితే ఒక్క పనితో రెండు సమస్యలూ తీరతాయి. ఒకదానికి మరొకటి కారణమైతే కారణాన్నే ముందు పట్టుకోవాలి. మూడో రోజు ఒక పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే వరస మళ్లీ తలకిందులవుతుంది. కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టిందేమో అన్న అనుమానం అన్నింటినీ తోసేసి పైకి వస్తుంది.

అందుకే నా విద్యార్థులు షిఫ్టు మొదట్లో ఒకసారి, హ్యాండోవర్‌కు (తర్వాతి షిఫ్టువారికి అప్పగింతకు) ముందు ఒకసారి వరస రాయాలి. ఏది పైకి వచ్చినా, ఏది కిందికి దిగినా దానికి కారణమైన ఒక సూచన పక్కన ఉండాలి. రంగు పెన్నులకు మార్కులు లేవు, ఆ కారణానికే మార్కులు. వరస మారకపోతే, ఏం చూసి మారలేదని నిర్ణయించారో అది కూడా రాయాలి.