తడితే మోగని కుండ

కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే బాగా కాలింది, పగులు లేదు అని లెక్క. స్పీకర్ డబ్బాకు ఈ పరీక్ష తలకిందులు. తడితే ‘టప్’మని ఊరుకోవాలి. మట్టికుండ, కాంక్రీటు, పీవీసీ పైపు, కాగితం గుజ్జు... దేనితో డబ్బా చేసినా ముందు చూడాల్సింది తగిలిన దెబ్బను అది ఎంత త్వరగా మరిచిపోతుందని. గట్టిదనం, బరువు ఆ తర్వాతి మాట.

స్పీకర్ కోన్ (ఊగి శబ్దం పుట్టించే గరాటు ఆకారపు భాగం) ముందుకు కదిలితే ఎదుటి గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి చేరితే బేస్ మాయమవుతుంది. వెనక పుట్టిన శబ్దాన్ని లోపలే పట్టి ఉంచడం డబ్బా పని. గోడలు ఊగితే అవే రెండో స్పీకరై పాడతాయి, అదీ తమకిష్టమైన ఒకటి రెండు స్వరాల్లోనే. మగ గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వినిపించడం సాధారణంగా ఇందువల్లే.

ముందు లీటర్లు తేల్చుకోవాలి. డ్రైవర్ అంటే డబ్బాలో బిగించే విడి స్పీకర్. దాని వివరాల్లో మూడు అంకెలుంటాయి: ఎఫ్ఎస్ (డబ్బా లేకుండా కోన్ తనంతట తాను ఎక్కువగా ఊగే పౌనఃపున్యం), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (కోన్ పట్టు ఎంత స్ప్రింగులా ఉందో అంతే స్ప్రింగులా ఉండే గాలి పరిమాణం). మూసిన డబ్బాకైతే, డబ్బాలో చేరాక ఆ క్యూ అంకె ఎంత కావాలనుకుంటామో దాన్ని, మామూలుగా 0.707ను, క్యూటీఎస్‌తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసేయాలి. మిగిలినదానితో వీఏఎస్‌ను భాగిస్తే డబ్బా పరిమాణం వస్తుంది. ఎఫ్ఎస్ 60 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వీఏఎస్ 8 లీటర్లు ఉన్న డ్రైవర్‌కు దాదాపు 5.5 లీటర్లు కావాలి. ఆ డబ్బాలో దాని రెజొనెన్స్, అంటే ఎక్కువగా ఊగే పౌనఃపున్యం, 94 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. వంకర ఆకారాల లోపలి కొలతకు సూత్రాలు వెతకనక్కర్లేదు, పొడి ఇసుక నింపి లీటరు మగ్గుతో కొలిస్తే చాలు. మెరుగు పూయని మట్టిపాత్రలో నీళ్లు పోస్తే గోడలు పీల్చుకుని లెక్క తప్పుతుంది. డ్రైవర్ ఆక్రమించే చోటు కోసం మరో పావు లీటరు కలుపుకోవాలి.

పీవీసీ పైపుతో మొదలుపెట్టడం తేలిక. బయటి వ్యాసం 160 మిల్లీమీటర్లు, గోడ మందం 4 మిల్లీమీటర్లు ఉన్న పైపు 30 సెంటీమీటర్ల ముక్కలో దాదాపు 5.5 లీటర్లు పడుతుంది. గుండ్రటి గోడ లోపలి ఒత్తిడిని లాగుడుగా మార్చుకుంటుంది కాబట్టి బల్లపరుపు పలకలా వంగదు. చిక్కు లోపలి గాలితోనే. రెండు చివర్ల మధ్య అటూ ఇటూ తిరిగే అల ఈ పొడవుకు సుమారు 570 హెర్ట్జ్ దగ్గర నిలబడిపోతుంది. డ్రైవర్‌ను చివర బిగిస్తే ఆ అలను బాగా రెచ్చగొడుతుంది. పైపు నడుముకు బిగిస్తే మొదటి అల లేవదు, దానికి రెట్టింపు పౌనఃపున్యంలో ఉన్నది మాత్రం లేస్తుంది. ఎలాగైనా 60, 80 గ్రాముల పాలిస్టర్ దూదిని విడదీసి వదులుగా నింపాల్సిందే. కుక్కి పెడితే అది పనిచేయడం మానేసి లీటర్లు తినేస్తుంది.

పైపుకు చెక్క మూత అతికించేటప్పుడు పీవీసీ జిగురు పనికిరాదు, చెక్కను పట్టదు. 80 నంబరు గరుకు కాగితంతో పైపు అంచును గీరి ఎపాక్సీ వాడాలి. పైపును మంటతో కాల్చి వంచే ఆలోచన మానుకోండి, వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. పలచటి గోడ మోత తగ్గించాలంటే 160 పైపును 200 పైపులో నిలబెట్టి నడుమ పొడి ఇసుక పోయవచ్చు. 30 సెంటీమీటర్ల ఎత్తుకు సుమారు నాలుగు కిలోలు పడుతుంది. ఇసుక రేణువుల రాపిడి కంపనాన్ని వేడిగా మార్చేస్తుంది. బ్రిటన్ స్పీకర్ కంపెనీ వార్ఫ్‌డేల్ స్థాపకుడు గిల్బర్ట్ బ్రిగ్స్ 1950ల్లోనే ప్లైవుడ్ పలకల మధ్య ఇసుక నింపి ఈ పని చేశాడు. ఇసుక క్రమంగా కిందికి కుదురుకుంటుంది కనుక పై మూతను అతికించేయకుండా మరలతో బిగించాలి.

కాంక్రీటు మీద చాలామందికి మోజు. బరువైతే ఉంది: 5.5 లీటర్ల ఘనాకారపు డబ్బాను 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌తో (చెక్క పీచును నొక్కి చేసిన పలక) చేస్తే మూడు కిలోలు, 25 మిల్లీమీటర్ల కాంక్రీటుతో చేస్తే 14 కిలోలు. గోడ చాలా తక్కువగా కదులుతుంది, కదిలినప్పుడు మాత్రం మోగుతుంది. అప్పుడు లోపల తారు షీటో ఫెల్టో అంటిస్తారు. దాంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. మెత్తటి పొర మోతను మింగాలంటే గోడతోపాటు అది సాగాలి. మందపాటి కాంక్రీటు దాన్ని సాగనివ్వదు. అదే పొర పలచటి గోడ మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బీబీసీ ఇంజినీర్లు ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్‌కు 12 మిల్లీమీటర్ల బిర్చ్ ప్లైవుడ్ చాలనుకుని లోపల మోతను మింగే డ్యాంపింగ్ పొరలు వేయడానికి కారణం ఇదే. కాంక్రీటులోనైతే మోతను తగ్గించే పదార్థం మిశ్రమంలోనే ఉండాలి. ద్రవరూప లాటెక్స్ కలపడం ఒక దారి.

పోత పోసేటప్పుడు కంకర ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు. నీరు సిమెంటు బరువులో 0.45 వంతుకు మించితే ఆరాక వెంట్రుక పగుళ్లు వస్తాయి, వాటిలోంచి గాలి లీకవుతుంది. అచ్చును అన్ని వైపులా తడుతూ బుడగలు పైకి రానివ్వాలి. ఏడు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాలి. డ్రైవర్ బిగించడానికి కనీసం 28 రోజులు ఆగాలి. ఈ ఆగడం దగ్గరే ఓపిక చాలదు. లోపల చిక్కిన తేమ కాగితపు కోన్‌ను మెత్తబరుస్తుంది, ఇనుప ఫ్రేముకు తుప్పు పట్టిస్తుంది. ఆరిన కాంక్రీటుకు తర్వాత రంధ్రాలు వేస్తే అంచులు ఊడతాయి. బోల్టులను పోతలోనే నిలబెట్టుకోవాలి.

ఇక కుండ. గుండ్రటి ఆకారం మేలన్న మాట వట్టిది కాదు. అమెరికన్ శబ్ద ఇంజినీరు హారీ ఓల్సన్ ఒకే డ్రైవర్‌ను పన్నెండు ఆకారాల్లో బిగించి ఏ పౌనఃపున్యం ఎంత గట్టిగా వస్తుందో గీత గీస్తే గోళానిదే అన్నిటికంటే నున్నటి గీత. ఘనం మాత్రం ఎగుడుదిగుడుగా వచ్చింది, దాని అంచుల దగ్గర అలలు విరిగి తిరిగొస్తాయి మరి. కానీ గోళం బయటికి ఎంత మంచిదో లోపల అంత మొండిది. అన్ని దిక్కులా ఒకే కొలత కనుక అలలన్నీ ఒకే పౌనఃపున్యం మీద పోగవుతాయి. 22 సెంటీమీటర్ల లోపలి వ్యాసానికి మొదటి పోగు సుమారు వెయ్యి హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే మాటల మధ్యలోనే. అందుకని నడిబొడ్డు దాకా దూది ఉండాలి.

కాల్చిన మట్టి మోతకు మందు ఇసుక. పొడి ఇసుకను తెల్ల జిగురుతో ముద్దలా కలిపి లోపల నాలుగైదు మిల్లీమీటర్ల పొరగా రాయాలి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. దీంతో మట్టి సన్నటి రంధ్రాలు కూడా మూసుకుంటాయి. కుండ మూతి ఎప్పుడూ సమంగా ఉండదు. గరుకు కాగితాన్ని గాజు పలక మీద పరిచి, కుండను బోర్లించి తిప్పుతూ రుద్దితే చదునవుతుంది. దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రింగును ఎపాక్సీ పుట్టీతో కూర్చోబెట్టి, డ్రైవర్ బోల్టులను ఆ రింగుకే బిగించాలి. మట్టిలోకి మర దింపితే పగులు ఖాయం. వైరు రంధ్రానికి టైల్ బిట్టు, తక్కువ వేగం, నీటి చుక్కలు, డ్రిల్లు హ్యామర్ మీట ఆపి.

గాజు సీసా, రేకు డబ్బా చూడ్డానికి బాగుంటాయి, కానీ మోతలో కుండకు అన్నలు. థర్మాకోల్ మోగదు గానీ బరువు లేక శబ్దాన్ని బయటికి వదిలేస్తుంది. కాగితం గుజ్జును ఎవరూ లెక్కచేయరు. బెలూన్ మీద జిగురు కాగితాలు పొరలుగా వేసి పది మిల్లీమీటర్లకు తెస్తే తట్టినప్పుడు అట్టముక్కలా మూగగా ఉంటుంది. తేమ పీల్చకుండా లోపలా బయటా వార్నిష్ పడాలి.

బిగించాక 30, 40 హెర్ట్జ్ శబ్దాన్ని సన్నగా వినిపిస్తూ చెవిని అతుకుల చుట్టూ తిప్పండి. ఎక్కడైనా ‘స్‌స్’మంటే అక్కడ గాలి తప్పించుకుంటోంది. పైపులో మూత అంచున, కాంక్రీటులో వైరు రంధ్రం దగ్గర, కుండలో మూడొంతులు రింగు కింద.