రైలు ఆలస్యాన్ని ఎక్కడ కొలుస్తారు?

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. ప్యాసింజర్ రైలు రోజూ లేటుగానే వస్తుంది కదా, మరి కాగితాల మీద సమయపాలన అంత బాగా ఎలా ఉంటుందని అడిగారు. కొలిచే చోటు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

ఇలాంటి లెక్కలు సరిచూసే పనే ఆడిట్. ఆడిట్ అంటే డబ్బు లెక్క ఒక్కటే అనుకోకండి. పనితీరు ఆడిట్ అని ఇంకొకటి ఉంది. డబ్బు పొదుపుగా ఖర్చు పెట్టారా, పెట్టినదానికి తగ్గ పని జరిగిందా, దానివల్ల ఎక్కేవాళ్లకు ఒరిగిందేమిటి అని అందులో చూస్తారు. రైల్వేలో ఈ పని కాగ్‌ది (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్). ఆ నివేదిక రాష్ట్రపతికి, అక్కణ్నుంచి పార్లమెంటుకు వెళుతుంది.

సమయపాలన, ప్రయాణ సమయాల మీద కాగ్ ఒక నివేదిక ఇచ్చింది (2021లో 22వ నంబరుది). మన రైల్వే ఆలస్యాన్ని ఆఖరి స్టేషన్‌లోనే కొలుస్తుందనీ, అక్కడ కూడా 15 నిమిషాల వరకు లేటును లేటుగా లెక్కపెట్టదనీ అందులో ఎత్తిచూపారు. మధ్య స్టేషన్లలో నిలబడినవాళ్ల గంటలు ఏ లెక్కలోకీ రావన్నమాట. ప్యాసింజర్ బండికి ఇది మరీ అన్యాయం, ఎందుకంటే అందులో ఎక్కువమంది ఎక్కేదీ దిగేదీ మధ్యలోనే.

ఇంకో కిటుకు టైమ్‌టేబుల్‌లోనే ఉంటుంది. చివరి రెండు స్టేషన్ల మధ్య దూరం 6 కిలోమీటర్లు అనుకుందాం. మామూలుగా 9 నిమిషాల పరుగు. టైమ్‌టేబుల్‌లో మాత్రం 30 నిమిషాలు ఇచ్చారు. అంటే 21 నిమిషాలు దిట్టంగా దాచిపెట్టారు. అంతకుముందు స్టేషన్‌కు 24 నిమిషాలు లేటుగా చేరిన బండి ఆఖరికి 3 నిమిషాల లేటుతో చేరి ‘రైట్ టైమ్’ అనిపించుకుంటుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక: అదే దూరానికి ఎదురు దిశలో వెళ్లే బండికి ఎంత టైమ్ ఇచ్చారో పక్కన పెట్టి చూడండి. అయితే ఈ అదనపు టైమ్ అంతా మోసం కాదు. పట్టాల పని జరిగేచోట వేగం తగ్గించాలి, దానికి కొంత వెసులుబాటు ఉండాల్సిందే. కానీ అది పని జరిగే చోట ఉండాలి గానీ, ఆఖర్న పోగుచేసి పెట్టకూడదు.

మూడోది రద్దయిన బండ్లు. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద చిల్లు. నెలకు 60 ట్రిప్పులు నడవాలి. 12 రద్దయ్యాయి. నడిచిన 48లో 43 టైమ్‌కు చేరాయి. నడిచినవాటితో లెక్కేస్తే సుమారు 90 శాతం. నడవాల్సినవాటితో లెక్కేస్తే 72 శాతమే. రానిబండి లేటు జాబితాలో ఉండదు మరి! మధ్యలోనే ఆపేసిన బండ్లదీ ఇదే కథ. అందుకే ఆడిటర్ మొదట చూసేది శాతాన్ని కాదు, దేనితో భాగించారన్నది.

మరి నిజమైన టైమ్ ఎక్కడ దొరుకుతుంది? స్టేషన్ మాస్టర్ దగ్గర ట్రైన్ సిగ్నల్ రిజిస్టర్ ఉంటుంది, బండి వచ్చిన, వెళ్లిన నిమిషాలు అందులో చేత్తో రాస్తారు. సిగ్నళ్లు మారిన క్షణాలను డేటా లాగర్ దానంతటదే నమోదు చేస్తుంది. గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు) రాసే రిపోర్టు ఉంటుంది, బండ్ల రాకపోకలను నడిపించే కంట్రోల్ ఆఫీసులో చార్టు ఉంటుంది. ఈ నాలుగూ ఒకే బండికి, ఒకే రోజుకు పక్కపక్కన పెడితే తేడా బయటపడుతుంది. ఆలస్యానికి కారణం రాసే దగ్గర పేచీ మరీ ఎక్కువ. సిగ్నల్ శాఖదా, ఇంజనీరింగ్‌దా, ఆపరేటింగ్‌దా? ఎవరికీ చెందని కారణం రాసేస్తే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, అందుకని అలాంటి కారణాలు ఎక్కువున్న నెలను విడిగా తీసి చూడాలి.

హైదరాబాద్ లోకల్ రైళ్లు, అదే ఎంఎంటీఎస్, సంగతి చూడండి. 2003లో మొదలైంది. ఎక్స్‌ప్రెస్‌లూ గూడ్సులూ తిరిగే పట్టాల మీదే నడుస్తుంది. వెనక ఎక్స్‌ప్రెస్ ఉంటే లోకల్‌ను పక్కకు నిలబెట్టడం కంట్రోల్‌కు తేలిక. కాబట్టి ఏ బండి ఎక్కడ, ఎన్ని నిమిషాలు, దేనికోసం ఆగిందో విడిగా లెక్కేయాలి. రెండో దశ ఖర్చులో రాష్ట్రానిది మూడింట రెండు వంతులు, మిగతాది రైల్వేది. ఇలాంటి ఉమ్మడి పనిలో మూడు తేదీలు అడగాలి: డబ్బు కావాలని రాసింది ఎప్పుడు, వచ్చింది ఎప్పుడు, పని పూర్తయింది ఎప్పుడు.

లేటు వల్ల ఎంతమందికి ఇబ్బందో తెలియాలంటే జనాన్నీ లెక్కించాలి. దానికి టికెట్ అమ్మకాలు చాలవు. జనరల్ టికెట్ మీద ఏ బండి ఎక్కారో ఉండదు, సీజన్ టికెట్ ఎన్నిసార్లు ఎక్కారో చెప్పదు. పెట్టె గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాల్సిందే. పండుగ వారం వదిలేయండి, అప్పటి రద్దీ మామూలు రోజులది కాదు.

మీరూ ప్రయత్నిస్తారా? మీ ఊరి మధ్య స్టేషన్‌లో ఒక్క బండిని ఎంచుకుని 14 రోజులు రాయండి. నాలుగు గడులు చాలు: తేదీ, టైమ్‌టేబుల్ సమయం, చక్రాలు ఆగిన నిమిషం, కదిలిన నిమిషం. అనౌన్స్‌మెంట్ విని రాయకండి. బండి రాని రోజు గడి ఖాళీగా వదలకుండా ‘రద్దు’ అని రాయండి. ప్లాట్‌ఫారం మీదే ఉండండి, పట్టాల దగ్గరికి పోవద్దు.

మీ తాతయ్య